అక్క గదిలోంచి దారి

లిఫ్టు ఇంజనీరు అక్క గదిలోకి వచ్చి ముందు మంచాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆవిడకు నలభై దాటి ఉంటాయి. పొద్దున్నించీ ఇది మూడో భవనమట. కూర్చోమంటే వద్దంది. కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదంది.

"మంచం కాస్త జరపొచ్చా అమ్మా?"

"జరగదండీ. కాళ్ళ కింద దిమ్మలు పెట్టి బిగించాం."

ఆవిడ వంగి చూసింది. చక్రాల కుర్చీ సీటూ పరుపూ ఒకే ఎత్తులో ఉండాలని అక్క కొలిచి చేయించిన చెక్కదిమ్మలవి. ఇంజనీరు టేపు లాగి నేల నుంచి పరుపు దాకా పట్టింది. ఆ కొలతతో ఆవిడకు పని లేదు. అయినా పట్టింది, తలాడించింది, టేపు వదిలేసింది.

అక్క పోయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆ గదిలోకి వచ్చిన పరాయి మనిషి ఆవిడొక్కతే.

"ఈ గోడ అవతలే కదా మెట్లు," అంటూ కిటికీకి ఎదురుగా ఉన్న గోడని వేలి కణుపులతో కొట్టింది. "ఇక్కడ తలుపు తెరుస్తాం. అక్కడ కిటికీ తీసేస్తే లిఫ్టు తలుపు వస్తుంది. ఈ తలుపు నుంచి ఆ తలుపుకి నాలుగడుగుల వెడల్పున దారి. ఇటు పక్క ఐదడుగులు మీకు మిగులుతుంది. నడుమ గోడ కట్టేస్తాం."

"మిగిలినదానికి వెలుతురు?"

"ఉండదమ్మా. అబద్ధం చెప్పి ఏం లాభం? సామాన్లు పెట్టుకోవడానికి పనికొస్తుంది."

"లిఫ్టు కావలసింది మూడో అంతస్తుకి. మా దగ్గర ఆగకుండా వెళ్ళిపోకూడదా?"

"నిలువునా ఒకటే గూడు కదా. మీ కిటికీని మూసుకుంటూనే పైకి లేస్తుంది. పైగా ప్రతి అంతస్తులోనూ తలుపుండి తీరాలి, మధ్యలో ఇరుక్కుంటే మనుషుల్ని బయటికి తీయాలిగా." ఆవిడ కాగితం మీద అంకెలు రాసుకుంది. "మీ ముగ్గురిలో ఏ ఒక్కరు కాదన్నా ఈ ప్లాను లేదమ్మా. మలుపు ప్లానే. సోమవారానికి ఏదో ఒకటి పంపాలి నేను."

మా భవనంలో కింద వాహనాలు పెట్టుకునే చోటు, పైన మూడంతస్తులు, అంతస్తుకి రెండిళ్ళు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య పద్దెనిమిది మెట్లు. తొమ్మిది ఎక్కాక మలుపు, మళ్ళీ తొమ్మిది. కట్టినప్పుడు లిఫ్టు పెట్టలేదు. ఇప్పుడు అందరి మోకాళ్ళూ అరిగాయి కాబట్టి పెట్టించుకుందామన్నారు. దానికి రెండే చోట్లు దొరికాయి. ఒకటి మెట్ల మలుపు పక్కన. అక్కడైతే ఎవరి ఇల్లూ ముట్టుకోనక్కర్లేదు, కాని లిఫ్టు మలుపు దగ్గరే ఆగిపోతుంది. ఇంటికి చేరాలంటే ఇంకో తొమ్మిది మెట్లు. రెండోది మా వరస ఇళ్ళ చివరి గది పక్కన. అక్కడైతే లిఫ్టు సరిగ్గా ఇంటి ముందు ఆగుతుంది. ఆ వరసలో ఉన్న మూడిళ్ళవాళ్ళూ మాత్రం ఒక్కో గది వదులుకోవాలి. మొదటి అంతస్తులో అసోసియేషన్ కార్యదర్శి, రెండో అంతస్తులో నేను, మూడో అంతస్తులో టాక్సీ డ్రైవరు.

తొమ్మిది మెట్లు ఎక్కలేని మనిషి ఇప్పుడు మా భవనంలో ఒక్కడే ఉన్నాడు. మూడో అంతస్తులో, డ్రైవరు ఎదురింట్లో ఉండే కరెంటాయన. కరెంటు తీగల పని చేస్తూ స్తంభం మీంచి పడి ఏడాదిన్నర అయింది. నడుము నుంచి కిందికి చలనం లేదు. చేతులు మాత్రం బాగున్నాయి. మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో పని ఇస్తామన్నారు. యజమాని పాత స్నేహితుడు. "లిఫ్టు వచ్చేదాకా నీకోసం ఆగుతాను. రోజూ నిన్ను మోసే మనుషుల కోసం మాత్రం ఆగలేను" అన్నాడట. లిఫ్టు ఇంటి ముందు ఆగితే ఆయన పనికి వెళ్తాడు. మలుపులో ఆగితే వెళ్ళడు. విషయం ఇంతే.

అంతకు ముందు ఆదివారం దీని గురించే సమావేశం జరిగింది. కింద, వాహనాల మధ్య, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కార్యదర్శిని వెనకాల అందరూ రూల్సు బాబాయి అంటారు. ముందర ఉత్త బాబాయిగారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక అట్ట ఫైలు ఉంటుంది.

"మలుపు ప్లానులో ఎవరికీ నష్టం లేదు," అన్నాడు ఆయన. "ఎటొచ్చీ తొమ్మిది మెట్లు. తొమ్మిది మెట్లు ఎక్కలేనివాడెవడండీ?"

కరెంటాయన భార్య తన చెప్పుల వంక చూసుకుంది.

"అంటే... నా ఉద్దేశం అది కాదమ్మాయ్," అన్నాడు బాబాయి.

"ఆ తొమ్మిదీ మోసేది నేనే కదా బాబాయిగారూ," అన్నాడు డ్రైవరు. "నా నడుముని కూడా కమిటీలో వేసుకోండి. అదీ నాలుగు మాటలు చెప్తుంది."

నవ్వారు. డ్రైవరు తన గది ఇవ్వడానికి అప్పటికే ఒప్పుకున్నాడు. అందరూ బాబాయి వంక చూశారు. ఆయన ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాదేముంది? టీచరమ్మగారు ఒప్పుకుంటే నేనూ ఇచ్చేస్తాను. కాని ఆవిడ పరిస్థితి మనకు తెలుసు. ఆ గది ఆవిడకి ఎలాంటిదో తెలుసు. నేను అడగను. ఎవరూ అడక్కండి."

మర్యాదగా అన్న మాటే. అది విన్నాక, నా దుఃఖాన్ని తన గది తలుపుకి గడియలా వేసుకున్నాడని నాకు అర్థమైంది. అర్థమైనా కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కొంత ఓపిక కావాలి. "ఆలోచిస్తాను" అని లేచి వచ్చేశాను. సగం మెట్లెక్కాక తట్టింది, ఎవరి గురించి సమావేశమో ఆ మనిషి సమావేశంలో లేడు. మేం కింద కూర్చున్నాం, ఆయన పైన ఉన్నాడు. ఆ మాట ఎవరికీ తోచలేదు. ఎనిమిదేళ్ళు అక్కని చక్రాల కుర్చీలో చూసుకున్న నాకూ తోచలేదు.

ఇంజనీరు గది కొలిచి వెళ్ళిన మర్నాడు సాయంత్రం కరెంటాయన భార్య వచ్చింది. బట్టలు ఉతికి ఇచ్చే దుకాణంలో ఇస్త్రీ చేస్తుంది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. నేను పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నాను. ఆరో తరగతివి, నలభై రెండు. నాలుగు రోజులుగా పన్నెండు దగ్గరే ఉన్నాను.

"కూర్చో."

"కూర్చోనక్కా. అన్నీ ఎక్కడివక్కడ పడేసి వచ్చాను."

నన్ను అక్కా అని పిలిచేది ఆ అమ్మాయి ఒక్కతే. ఇంట్లో నేను చిన్నదాన్ని. ఆ పిలుపు వింటే ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూడబోతాను. టీ ఇచ్చాను. కూర్చోనన్న మనిషి కూర్చుంది.

"ఒక మాట చెప్పి పోదామని వచ్చానక్కా. మీరు మా కోసం ఇబ్బంది పడకండి. ఆ గది అలాగే ఉంచుకోండి. మలుపు దగ్గర ఆగినా మాకు చాలు. ఎలాగో సర్దుకుంటాం. మీరు ఇంత బాధలో ఉంటే మా గొడవ ఒకటా?"

నేను ఎర్రసిరా కలానికి మూత పెట్టాను.

"మీ ఆయన్ని అడిగావా?"

"ఆయన్ని అడిగేదేముందక్కా? ఆయనా ఇదే అంటారు."

"అడిగావా?"

ఆ అమ్మాయి గ్లాసుని రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చుంది.

మొహమాటం అంటే నాకు తెలుసు. ఐదేళ్ళ కిందట అప్పటి కార్యదర్శి ఇల్లిల్లూ తిరిగి ఒక కాగితం ఇచ్చాడు. లిఫ్టు గురించే. "మీ ఇంట్లో అవసరం ఉన్నవారు ఉన్నారా?" అని ఒక ప్రశ్న, కింద రెండు గీతల ఖాళీ. అక్క అప్పటికి మూడేళ్ళుగా కుర్చీలోనే ఉంది. కండరాల జబ్బు. కాళ్ళు ముందు పోయాయి, చేతులు ఇంకా కొంత మిగిలాయి. అందరూ మా ముఖం చూసి ఒప్పుకోవాల్సి వస్తుందే, వాళ్ళిళ్ళు మా వల్ల బద్దలు కొట్టుకోవాలే అని నాకు సిగ్గు వేసింది. గుమ్మంలోనే నిలబడి, తలుపుకి ఆనించి రాసేశాను. "మాకు అవసరం లేదు. మా కోసం ఎవరూ ఇబ్బంది పడనక్కర్లేదు." కార్యదర్శి పైకి చదివాడు. "మీలాంటివాళ్ళు ఉండాలమ్మా" అన్నాడు. లిఫ్టు మాట అక్కడితో ఆగిపోయింది.

లోపలికి వస్తే అక్క బల్ల ముందు ఉంది. అక్క ఇళ్ళ ప్లాన్లు గీసేది. నడిచే రోజుల్లో ఒక కంపెనీలో, తర్వాత ఇంట్లోంచి. తను గీసిన ఇళ్ళలో ఒక్కదానిలోకి కూడా తను వెళ్ళలేనని నవ్వేది. "ముందున్న మూడు మెట్లూ నేనే గీశానే, ఎవరిమీద పడి ఏడవను?" అనేది.

"ఏం రాశావు?" అని అడిగింది.

"అవసరం లేదని రాశాను."

"ఎవరికి?" అంది.

నేను పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్ళాను. అక్క రెట్టించలేదు. స్కేలు సర్దుకుని మళ్ళీ గీతలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దాదాపు ఐదేళ్ళలో అక్క వీధిలోకి దిగింది ఏడుసార్లు, ఏడుసార్లూ ఆసుపత్రికే. ప్రతిసారీ ముగ్గురు కలిసి కుర్చీతో సహా దించేవాళ్ళు. మెట్లు మొదలవగానే కళ్ళు మూసుకునేది.

"పద," అన్నాను కరెంటాయన భార్యతో.

"ఎక్కడికక్కా?"

"మీ ఇంటికి. అడుగుదాం."

"వద్దక్కా, ఆయన నోరు మంచిది కాదు. ఏదో ఒకటి అంటారు."

"అననీ."

మూడో అంతస్తు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. కరెంటాయన బల్ల ముందు కూర్చుని ఒక టేబుల్ ఫ్యానుని ముక్కలుగా విప్పి పెట్టుకున్నాడు.

"రండి టీచరమ్మా. లేచి నిలబడాలి. ఈ జన్మకి ఆ పనికి సెలవు పెట్టేశాను, ఏమీ అనుకోకండి."

"మళ్ళీ మొదలెట్టారా?" అంది భార్య.

"సెలవు చీటీ టీచరమ్మగారికి కాకపోతే ఎవరికిస్తానే?"

నేను నిలబడే అడిగాను. కూర్చుంటే నా నోట మాట రాదేమోనని భయం. "మీ ఆవిడ మా ఇంటికి వచ్చి, లిఫ్టు మలుపు దగ్గర ఆగినా మీకు చాలని చెప్పింది. మీకు చాలా?"

ఆయన భార్య వంక చూశాడు. ఆ అమ్మాయి వంటింటి వైపు తిరిగింది.

"చాలదు టీచరమ్మా," అన్నాడు. "నాకు ఇంటి ముందే కావాలి. మీ గది పోతుందని తెలుసు. తెలిసే కావాలంటున్నాను."

"ఏవండీ!"

"నువ్వూరుకో. ఆవిడ అడిగింది, నేను చెప్పాను. అడక్కుండా ఉంటే మంచివాణ్ణని పేరు తెచ్చుకుని ఈ గదిలో కూర్చునేవాణ్ణి. ఎన్నాళ్ళు కూర్చోను? ఈ ఫ్యాను నాలుగోసారి విప్పుతున్నాను. దానికి జబ్బేం లేదు పాపం."

నాకు నవ్వు రావలసింది. రాలేదు. అప్పుడు గది చుట్టూ చూశాను. స్విచ్చుల బోర్డు నడుము ఎత్తుకి దించి ఉంది. స్నానాలగది తలుపు బయటికి తెరుచుకునేలా మార్చారు. లోపలి వైపు గడియ దగ్గర, కుర్చీలోంచి లాక్కోవడానికి, తాడు ఉచ్చు వేలాడుతోంది. మంచం కాళ్ళ కింద చెక్కదిమ్మలు. అదే రకం, అంచులు అలాగే వాలుగా చెక్కి ఉన్నాయి.

"ఇవి..." అన్నాను.

"మీ అక్కగారు చేయించినవే. అన్నీ ఫోన్లోనే."

"ఎప్పుడు?"

"నేను ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు నుంచీ. మీరు బడికి వెళ్ళాక, పదకొండు గంటలకి చేసేవారు. కుర్చీ ఎత్తెంత, మంచం ఎత్తెంత, టేపు పట్టి చెప్పు, ఉజ్జాయింపు మాటలు నాకొద్దు అనేవారు. మా ఆవిడ పందొమ్మిది అంటే, పద్దెనిమిదిన్నర అయి ఉంటుంది, మళ్ళీ పట్టమ్మా అనేవారు. పడితే పద్దెనిమిదిన్నరే ఉండేది."

"టేపు నావైపు వంగి ఉంటుందని ఆవిడకెలా తెలుసో!" అంది భార్య.

"ఒకే భవనంలో ఉండి ఫోన్లు చూడండి. పద్దెనిమిది మెట్ల దూరానికి పరదేశంలో ఉన్నట్టు మాట్లాడుకున్నాం, ఏడాది పైన. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు."

నాకు తెలియదని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఫ్యాను రెక్కని గుడ్డతో తుడుస్తూ చెప్పుకుపోయాడు.

"అంతకుముందూ ఆవిడ నాకు తెలుసు. మీ కిటికీకి ఎదురుగా స్తంభం ఉంది కదా, దాని మీదికెక్కితే ఆవిడా నేనూ ఒకే ఎత్తులో ఉండేవాళ్ళం. నేను తీగ బిగిస్తుంటే లోపల్నించి అడిగేవారు. ఏమయ్యా, మూల మీది మందుల షాపు తీశారా? కింద ఎవరో అరుస్తున్నారు, ఎవరు వాళ్ళు? రోడ్డు మళ్ళీ తవ్వారా? నేను పైనుంచి వార్తలు చదివినట్టు చదివేవాణ్ణి."

"కిటికీలోంచి వీధి కనబడేదిగా?" అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ ఆగింది.

"మీరు నిలబడి చూస్తారు టీచరమ్మా," అన్నాడు.

కిందికి వచ్చాను. ఇంకా వెలుతురు ఉంది. అక్క గదిలో కుర్చీ మంచం పక్కనే ఉంది. దాన్ని ఎన్నోసార్లు తోశాను, తుడిచాను, చక్రాలకు గాలి కొట్టించాను. ఒక్కసారీ అందులో కూర్చోలేదు. కిటికీ దగ్గరికి తోసుకెళ్ళి కూర్చున్నాను.

కిటికీ కింది గోడ నా గడ్డం దాకా వచ్చింది. దాని పైన ఇనుప కడ్డీలు. కడ్డీల్లోంచి కరెంటు స్తంభం కొన, నాలుగు తీగలు, ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు, దాని వెనక కొంచెం ఆకాశం. వీధి లేదు. మెడ చాచాను. ట్యాంకు ఇంకొంచెం కనిపించింది. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది ఎవరిదో, ఎటు వెళ్ళిందో తెలియలేదు.

రోజూ పొద్దున బడికి వెళ్ళే ముందు కుర్చీని అక్కడ పెట్టి, బ్రేకు వేసి, "వీధంతా నీదే" అనేదాన్ని. ఎనిమిదేళ్ళు అన్నాను ఆ మాట. అక్క ప్లాన్లు గీసిన మనిషి. గోడ ఎత్తు ఎంతో, కూర్చున్న మనిషి కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంగుళాలతో సహా తెలిసిన మనిషి. ఒక్కసారైనా కాదనలేదు. నేను ఆనందంగా అన్నానని ఊరుకుందేమో. లేక ఆ కాగితం మీద నేనేం రాశానో విన్నాక, నాకు చెప్పి ప్రయోజనం లేదనుకుందేమో. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి నాకు ఇక దారి లేదు.

చీకటి పడకముందే లేచి, గది ఇవ్వడానికి ఒప్పుకుంటున్నట్టు ఇంజనీరు వదిలి వెళ్ళిన కాగితం మీద సంతకం పెట్టాను.

ఆదివారం పొద్దున దాన్ని తీసుకుని మొదటి అంతస్తుకి దిగాను. బాబాయి తలుపు తీసి, కాగితం చూసి, కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది.

"తొందరెందుకమ్మా? మనసు బాగోలేనప్పుడు ఇలాంటివి నిర్ణయించుకోకూడదు."

"నా మనసు సంగతి నేను చూసుకుంటాను బాబాయిగారూ. నేను ఒప్పుకుంటే మీరూ ఇస్తానన్నారు."

"అన్నాననుకో. కాదన్నానా? ఆ గదిలో ముఖ్యమైనవి ఉన్నాయి."

"పేపర్లమ్మా!" లోపల్నించి వాళ్ళావిడ కేక పెట్టింది. "ఇరవయ్యొక్క ఏళ్ళ పాత పేపర్లు! ఎలుకలు కూడా చదివేసి వెళ్ళిపోయాయి!"

"నువ్వు మధ్యలో మాట్లాడకు."

"మధ్యలో కాకపోతే ఎప్పుడు మాట్లాడను? చివర్లో మీరే ఉంటారుగా!"

బాబాయి కాగితం రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి అటుపక్క కూడా చూశాడు. అటుపక్క ఏమీ లేదు. గుమ్మానికి ఆనుకున్నాడు.

"మీ అక్కని నేను కూడా రెండుసార్లు మోశాను. నీకు గుర్తుందో లేదో."

"గుర్తుంది."

"బరువని కాదు. కిందికి దించాక ప్రతిసారీ థాంక్సండీ అనేది. అదేదో మనం మెహర్బానీ చేసినట్టు. ఆ మాట వింటే నాకు చచ్చే చిరాకు." కలం అడిగి తీసుకున్నాడు. "చిరాకంటే కోపం కాదనుకో."

"తెలుసండీ."

సంతకం పెట్టాడు. కింద తారీఖు, సమయం కూడా వేశాడు.

గది ఖాళీ చెయ్యడానికి వారం ఇచ్చారు. బడి నుంచి వచ్చాక రోజుకి కొంత చేశాను. బట్టలు, మందులు, చుట్టచుట్టిన ప్లాన్లు ముప్పై దాకా. ప్లాన్లు విప్పి చూడలేదు. గుడ్డలో కట్టి అలమరపైన పెట్టాను. కుర్చీ కరెంటాయన దానికన్నా మంచిది, తీసుకోమని డ్రైవరు చేత పంపాను. ఎడమ చక్రం కీచుమంటోందని కబురు పంపాడు. మంచం విప్పడానికి వడ్రంగి రావలసి వచ్చింది. అక్క అంత గట్టిగా బిగించమంది.

కిటికీ పగలగొట్టిన రోజు నాకు సెలవు దొరకలేదు. దొరుకుతుందేమోనని గట్టిగా అడగనూ లేదు. ఆ రోజు ఆరో తరగతికి త్రిభుజాల పాఠం చెప్పాను. ఇంటికి వస్తే గిన్నెల్లో, పక్కబట్టల్లో, పుస్తకాల మధ్య సిమెంటు దుమ్ము. రెండు నెలలు ఆ దుమ్ము తుడుస్తూనే ఉన్నాను. ఎంత తుడిచినా మర్నాటికి ఇంకొంత దిగేది. మిగిలిన ఐదడుగుల గది ఇంజనీరు చెప్పినట్టే చీకటిగా ఉంది. ఇంకా అందులో ఏమీ పెట్టలేదు.

మూడో నెలలో లిఫ్టు నడిచింది. బాబాయి ఒక తెల్లకాగితం మీద పద్నాలుగు నియమాలు రాసి లోపల అంటించాడు. మొదటిది, అనవసరంగా వాడరాదు. కరెంటాయన ఆ కాగితం ముందు రెండు నిమిషాలు ఆగి చదివి, "లిఫ్టులో నిలబడే వెళ్ళాలన్న రూలొకటి మర్చిపోయారు బాబాయిగారూ" అన్నాడట. పొద్దున తొమ్మిదింటికి వెళ్తాడు, సాయంత్రం ఆరున్నరకి వస్తాడు. మొదటి వారం భార్య కూడా కింద దాకా వెళ్ళేది. రెండో వారం వద్దన్నాడు.

నేను మెట్ల మీదే దిగేదాన్ని. పట్టుదల కాదు. ఆ తలుపు దగ్గరికి వెళ్తే కాళ్ళు మెట్ల వైపు తిరిగేవి, నేను వాటిని కాదనేదాన్ని కాదు.

ఒక రోజు బడికి వెళ్ళబోతుంటే కరెంటాయన భార్య మెట్లు ఎక్కుతూ ఎదురైంది.

"అక్కా, అంత సంచి మోసుకుని మెట్లేమిటి? లిఫ్టు ఎక్కరేం మీరు?"

"అలవాటు లేదు."

"అలవాటేముంది, నిలబడితే అదే తీసుకుపోతుంది," అని నా చేతిలోంచి సంచి లాక్కుని, కొత్త దారిలో ముందు నడిచింది. వెనకాల వెళ్ళాను. కొత్త సున్నం వాసన. కిటికీ ఉండేచోట నిలబడి ఆ అమ్మాయి బొత్తాం నొక్కింది. తలుపు తెరుచుకుంది. సంచి లోపల పెట్టి, తను రాకుండా, "నేను డాబా మీద బట్టలు ఆరేయాలి, మీరు వెళ్ళండక్కా" అని మళ్ళీ మెట్లెక్కి పోయింది.

తలుపు మూసుకుంది. నేను చేతి గడియారం చూసుకున్నాను. బడికి వేళయిందేమోనని చూసుకున్నాను, వేరే కారణం లేదు. సెకన్ల ముల్లు కదులుతోంది. తలుపు మళ్ళీ తెరుచుకునేసరికి అది పదకొండు గీతలు దాటింది.

ఎదురుగా వాహనాలు, వాటి అవతల గేటు, గేటు అవతల వీధి. మూల మీద మందుల షాపు తీసే ఉంది.

పదకొండు సెకన్లు.

ఎవరో పైనుంచి బొత్తాం నొక్కినట్టున్నారు, తలుపు మూసుకోబోయింది. చెయ్యి అడ్డం పెట్టి సంచి తీసుకుని బయటికి వచ్చాను. బడికి నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. హాజరు పుస్తకంలో ఆలస్యానికి కారణం రాయమన్నారు. ఆ గడి ఖాళీగా వదిలి, సంతకం పెట్టి తరగతికి వెళ్ళాను.